జిద్దా గుడారాల వెనక ఉన్న మనిషి: ఇంజినీర్ ఫజ్లుర్ రహమాన్ ఖాన్

గుమ్మడిదల, జిన్నారం, పటాన్‌చెరు వైపు నుంచి హజ్‌కు వెళ్లొచ్చిన పెద్దలను కదిలిస్తే కాబా గురించి చెబుతారు, అరఫాత్ మైదానం గురించి చెబుతారు, జంజం నీళ్ల గురించి చెబుతారు. జిద్దాలో విమానం దిగి గంటల తరబడి కూర్చున్న చోటు గురించి మాత్రం పెద్దగా చెప్పరు. అడిగితే, పైన తెల్లటి గుడారాలు ఉన్నాయని, చుట్టూ గోడలు లేకపోయినా ఎండ తగల్లేదని, గాలి బాగా వచ్చిందని గుర్తు చేసుకుంటారు. అంతే. ఆ నీడ ఎవరు వేశారో ఎవరికీ తెలియదు.

ఆ నీడ వెనక ఉన్నవారిలో ముఖ్యుడు ఫజ్లుర్ రహమాన్ ఖాన్. బెంగాలీ ముస్లిం. తండ్రి లెక్కల మాస్టారు. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి ఎత్తైన భవనానికి ఎముకల గూడు కట్టింది కూడా ఈయనే. డిగ్రీ ప్రకారం చూస్తే ఆర్కిటెక్ట్ కాదు, స్ట్రక్చరల్ ఇంజినీర్. అయినా ఇరవయ్యో శతాబ్దపు ఆర్కిటెక్చర్ చరిత్ర రాసేవాళ్లు ఈయన పేరు వదిలేసి ముందుకు పోలేరు. భవనం రూపం ముందు, లెక్క తర్వాత అనే పాత పద్ధతిని తిరగేసి, లెక్కలోంచే రూపాన్ని పుట్టించిన ప్రయోగశీలి ఆయన.

1929 ఏప్రిల్ 3న అప్పటి అవిభక్త బెంగాల్‌లో పుట్టారు. పెరిగింది ఢాకాలో. తండ్రి అబ్దుర్ రహమాన్ ఖాన్ గణితం చెప్పేవారు, బడి పిల్లలకు పాఠ్యపుస్తకాలు రాశారు, తర్వాత విద్యాశాఖలో పెద్ద హోదాకు ఎదిగారు. కొడుక్కి ఫిజిక్స్ మీద మనసు. తండ్రి మాత్రం ఇంజినీరింగ్‌లో చేరమన్నారు. ఇంజినీరింగ్ అయితే రోజూ క్లాసుకు పోక తప్పదు, పని అలవాటు అవుతుంది, క్రమశిక్షణ వస్తుంది అన్నది ఆయన లెక్క. మన ఇళ్లలో జరిగే మాటలే ఇవి. కాకపోతే మన దగ్గర ఉద్యోగం వస్తుందని ఇంజినీరింగ్ చదివిస్తారు, అక్కడ తండ్రి క్రమశిక్షణ వస్తుందని చదివించారు. కొడుకు ఒప్పుకున్నాడు.

కలకత్తా పక్కన హౌరాలో ఉన్న శిబ్‌పూర్ బెంగాల్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరాడు. అవి మామూలు రోజులు కావు. 1947లో దేశ విభజన. ఢాకా ఒక దేశం, కలకత్తా ఇంకో దేశం. ఇల్లు ఒకవైపు, కాలేజీ ఇంకోవైపు. అయినా చదువు ఆపలేదు. చివరి పరీక్షల టైముకు 1950లో మత కల్లోలాలు వచ్చాయి. ఇక అక్కడ ఉండే పరిస్థితి లేదు. ఢాకాకు వెళ్లిపోయి, అక్కడి అహ్సనుల్లా ఇంజినీరింగ్ కాలేజీ ద్వారా డిగ్రీ పూర్తి చేశాడు. ఫస్ట్ వచ్చాడు. పరీక్ష హాలు దాకా చేరడమే గండంగా ఉన్న ఏడాదిలో ఫస్ట్ రావడం చిన్న సంగతి కాదు. ఆ తర్వాత అదే కాలేజీలో పాఠాలు చెప్పాడు. అదే కాలేజీ తర్వాతి కాలంలో బంగ్లాదేశ్ ఇంజినీరింగ్ యూనివర్సిటీగా మారింది.

1952లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్, దాంతోపాటు ప్రభుత్వ స్కాలర్‌షిప్ చేతికొచ్చాయి. అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీకి వెళ్లారు. షికాగోకు దక్షిణాన రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న అర్బానా-షాంపేన్ ఊళ్లలోని క్యాంపస్ అది. అక్కడ మూడేళ్లలో రెండు మాస్టర్స్ డిగ్రీలు, ఒక పీహెచ్‌డీ చేశారు. మూడేళ్లలో మూడు డిగ్రీలు. పీహెచ్‌డీ అంశం ప్రీస్ట్రెస్డ్ కాంక్రీట్ దూలాలు. లోపలి ఇనుప తీగలను ముందే బిగించి పోసే కాంక్రీట్ అన్నమాట. ఇవాళ మన ఫ్లైఓవర్ల గర్డర్లలో వాడేది అదే రకం.

1955లో చదువు అయిపోయింది. షికాగోలో స్కిడ్మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ అనే పెద్ద ఆర్కిటెక్చర్ సంస్థ ఉంది. ఎస్‌ఓఎం అని పొట్టిగా పిలుస్తారు. అందులో చేరారు. వంతెనల లెక్కలతో పని మొదలైంది.

ఇక్కడ ఆయన జీవితంలో చాలామంది చెప్పకుండా దాటేసే ఒక ఘట్టం ఉంది. 1957లో ఆయన షికాగో ఉద్యోగం వదిలి పాకిస్తాన్‌కు తిరిగి వెళ్లారు. తనకు చదువు చెప్పించిన దేశానికి పని చేయాలని. కరాచీ డెవలప్‌మెంట్ అథారిటీలో ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ పోస్టు. చెప్పుకోవడానికి పెద్ద హోదాయే. కానీ అక్కడ ఎక్కువగా ఉన్నది పరిపాలన పని. ఫైళ్లు, సంతకాలు, మీటింగులు. ఆయన నేర్చుకున్న డిజైన్‌కు అందులో చోటు లేదు. కొన్నాళ్లు ఓపిక పట్టారు. చివరికి 1960లో మళ్లీ షికాగో ఎస్‌ఓఎంకే వెళ్లిపోయారు. ఆస్ట్రియా నుంచి వచ్చిన లీజెలోటెతో 1959లోనే పెళ్లయింది. వాళ్ల కూతురు యాస్మీన్ కూడా తర్వాత స్ట్రక్చరల్ ఇంజినీర్ అయింది, తండ్రి పని మీద పుస్తకం రాసింది.

ఆయన తిరిగి వెళ్లడాన్ని తప్పు పట్టేవాళ్లు ఉండొచ్చు. కానీ కుర్చీ ఇచ్చి పని ఇవ్వకపోతే మనిషి నిలవడు. సొంత మట్టికి పనికొస్తానని వచ్చినవాడిని వాడుకోలేకపోయింది ఎవరన్న ప్రశ్న కూడా అడగాలి కదా.

షికాగోలో ఆయనకు ఎదురైన సమస్య డబ్బుకు సంబంధించింది. ఇల్లు ఎంత ఎత్తు కడితే అంత ఇనుము పడుతుంది, ఇది అందరికీ తెలిసిందే. పది అంతస్తుల దాకా ఇబ్బంది లేదు. యాభై, అరవై దాటితే భవనం తన బరువు మోయడం కంటే గాలిని తట్టుకోవడమే పెద్ద పని అవుతుంది. గాలి పక్క నుంచి నెడుతుంది. దాన్ని ఆపడానికి లోపల ఇంకా ఇనుము, ఇంకా స్తంభాలు వేసుకుంటూ పోవాలి. పైకి పోయేకొద్దీ ఒక్కో చదరపు మీటరు ఖర్చు పెరిగిపోతుంది. ఎత్తుకు కట్టే అదనపు రుసుం అన్నమాట. 1931లో న్యూయార్క్‌లో కట్టిన ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు మీటరుకు సుమారు 206 కిలోల ఉక్కు పట్టింది. తర్వాత దాదాపు నలభై ఏళ్ల పాటు దాన్ని మించి ఎవరూ కట్టలేదంటే ఈ లెక్క కూడా ఒక కారణమే.

ఫజ్లుర్ ఖాన్ ఆలోచన వినడానికి సులువు. నర్సాపూర్ అడవిలో వెదురును చూడండి. లోపల బోలు. బలమంతా బయటి గోడలోనే ఉంది. ఎంత గాలికైనా వంగుతుంది, లేస్తుంది, విరగదు. భవనాన్ని కూడా నేలలో పాతిన బొంగులా ఎందుకు చూడకూడదు? లోపలంతా స్తంభాలు నింపే బదులు, బయటి గోడలోనే స్తంభాలను దగ్గర దగ్గరగా నిలబెట్టి, వాటిని అడ్డ దూలాలతో గట్టిగా కలిపేస్తే మొత్తం భవనం ఒకే గొట్టంలా గాలికి ఎదురు నిలబడుతుంది. దీన్నే ట్యూబ్ పద్ధతి అంటారు. షికాగోలోని డివిట్-చెస్ట్‌నట్ అనే 43 అంతస్తుల అపార్ట్‌మెంట్ భవనంలో దీన్ని మొదటిసారి పెట్టి చూశారు. కాంక్రీట్ భవనం. 1960ల మధ్యలో పూర్తయింది. ఇవాళ్టికీ నిలబడే ఉంది.

ఇక ఆయన బడి సంగతి.

ఆఫీసులో పని చేస్తూనే ఆయన షికాగోలోని ఐఐటీలో పాఠాలు చెప్పేవారు. కంది దగ్గర ఉన్న మన ఐఐటీ అనుకోవద్దు. ఇది ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. జర్మనీ నుంచి వచ్చిన ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహ్ అక్కడి ఆర్కిటెక్చర్ విభాగాన్ని తీర్చిదిద్దారు. మీస్ శిష్యుడు మైరాన్ గోల్డ్‌స్మిత్ కూడా ఎస్‌ఓఎంలోనే పని చేసేవారు, అక్కడే చెప్పేవారు. ఆయన, ఖాన్ కలిసి విద్యార్థుల థీసిస్‌లకు దారి చూపేవారు. ఆర్కిటెక్ట్, ఇంజినీర్ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే విద్యార్థికి చెప్పడం అప్పట్లో అరుదు. మన కాలేజీల్లో ఇప్పటికీ ఆ రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య గోడ అలాగే ఉంది.

ఆ తరగతిలోకి జపాన్ నుంచి మికియో ససాకి అనే విద్యార్థి వచ్చాడు. 1964లో అతను తన థీసిస్‌గా ఒక ఎత్తైన ఆఫీసు భవనాన్ని డిజైన్ చేశాడు. బయటి గోడ మీద మూల నుంచి మూలకు ఏటవాలు దూలాలు వేసి, వాటితోనే గాలిని ఆపాలన్నది అందులో ఆలోచన. కాగితం మీది భవనమే అది. ఎవరూ కట్టలేదు. కానీ గురువులు మరిచిపోలేదు.

ఈ ఏటవాలు దూలం అంటే ఏంటో పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో పని చేసేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కొత్త షెడ్డు లేపుతున్నప్పుడు, ఇంకా రేకులు కొట్టకముందు, పక్క నుంచి చూడండి. రెండు స్తంభాల మధ్య గుణకారం గుర్తులా రెండు ఇనుప రాడ్లు అడ్డంగా బిగించి ఉంటాయి. బ్రేసింగ్ అంటారు. చూస్తే సన్నవే. కానీ అవి లేకపోతే షెడ్డు పెద్ద గాలికి పక్కకు వాలిపోతుంది. చతురస్రాన్ని నెడితే ఒరుగుతుంది. త్రిభుజాన్ని నెడితే ఒరగదు. అంత చిన్న సూత్రం.

దాన్నే ఫజ్లుర్ ఖాన్ వంద అంతస్తులకు తీసుకుపోయారు.

జాన్ హాంకాక్ సెంటర్ మొదట ఒక భవనం కాదు, రెండు. ఇళ్లకు ఒకటి, ఆఫీసులకు ఒకటి కడదామనుకున్నారు. ఆ స్థలంలో రెండూ పడితే ఇరుకవుతుందని ఆర్కిటెక్ట్ బ్రూస్ గ్రాహం, ఖాన్ కలిసి ఒకదాని మీద ఒకటి పెట్టేశారు. కింద దుకాణాలు, ఆపైన కార్ల పార్కింగ్, ఆఫీసులు, ఇంకా పైన ఇళ్లు. పైకి పోయేకొద్దీ సన్నబడే 344 మీటర్ల భవనం. నాలుగు వైపులా బయటి గోడ మీదే భారీ గుణకారం గుర్తులు. మామూలుగా ఇలాంటి బ్రేసింగ్‌ను లోపల దాచేస్తారు. ఈయన బయట పెట్టారు. కొన్ని కిటికీలకు ఆ దూలాలు అడ్డం వస్తాయి, అద్దెకు ఎవరు తీసుకుంటారన్న భయం ఉండేది. చివరికి అదే ఆ భవనానికి ముఖం అయింది. ఉక్కు లెక్క చూస్తే చదరపు మీటరుకు సుమారు 145 కిలోలు. ఎంపైర్ స్టేట్‌తో పోలిస్తే 61 కిలోలు తక్కువ. అంటే ప్రతి వెయ్యి చదరపు మీటర్లకు 61 టన్నుల ఉక్కు మిగిలినట్టు. ఉక్కు ధర తెలిసిన ఏ కాంట్రాక్టర్‌కైనా ఆ అంకె చాలు.

కానీ పని సాఫీగా ఏమీ సాగలేదు. 1965లో మొదలుపెట్టారు. షికాగో నేల మెత్తన. కింద గట్టి రాయి తగిలేదాకా లోతైన గుంతలు తవ్వి కాంక్రీట్‌తో నింపుతారు. వాటిని కైసన్లు అంటారు. భవనం కొంచెం పైకి లేచాక ఒక స్తంభం కిందికి కుంగింది. ఎందుకని తవ్వి చూస్తే ఆ కైసన్ లోపల కాంక్రీట్ ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. పని ఆపేశారు. మిగతావాటిని కూడా పరీక్షించారు. నెలల తరబడి అంతా నిలిచిపోయింది. వంద అంతస్తుల బరువు మోయాల్సిన పునాది అది. ఆపడం తప్ప దారి లేదు. కానీ ఆపిన ప్రతి రోజూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆ ప్రాజెక్టు యజమాని జెర్రీ వోల్మన్ ఆర్థికంగా చితికిపోయారు. ఆ దెబ్బలో ఇదీ ఒక భాగం. అప్పు ఇచ్చిన జాన్ హాంకాక్ ఇన్సూరెన్స్ కంపెనీ భవనాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. అందుకే ఆ పేరు.

ఇంకో సమస్య మనుషులది. ఎంత బలంగా కట్టినా ఎత్తైన భవనం గాలికి కొద్దిగా ఊగుతుంది. కూలిపోదు, కానీ తొంభయ్యో అంతస్తులో పడుకున్న మనిషికి ఆ కదలిక తెలిస్తే? తల తిరిగితే? అలాంటి ఇంట్లో ఎవరుంటారు? ఎంత ఊగితే మనిషికి తెలుస్తుందన్న దానికి అప్పట్లో సరైన లెక్క లేదు. పుస్తకాల్లో లేదు కదా అని ఖాన్ ఊరుకోలేదు. షికాగోలోని సైన్స్ మ్యూజియంలో ఒక వాషింగ్ మెషీన్ కంపెనీ ప్రదర్శన కోసం పెట్టిన కదిలే వేదిక ఒకటి ఉంది. దాని మీద మనుషులను నిలబెట్టారు, కూర్చోబెట్టారు, పడుకోబెట్టారు. నెమ్మదిగా కదిలిస్తూ ఎప్పుడు తెలుస్తోందో అడిగి రాసుకున్నారు. ఆ జవాబులను పట్టుకుని భవనం ఎంత ఊగితే పర్వాలేదో తేల్చారు. ప్రపంచం మెచ్చిన భవనానికి బట్టలు ఉతికే మెషీన్ వేదిక మీద పరీక్ష జరిగిందంటే నమ్మబుద్ధి కాదు, కానీ జరిగింది.

హాంకాక్ తర్వాత వచ్చింది సియర్స్ టవర్. సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీ తన ఆఫీసులన్నీ ఒకే చోట పెట్టాలనుకుంది. బ్రూస్ గ్రాహం గుప్పిట్లో కొన్ని సిగరెట్లు పట్టుకుని, ఒక్కోదాన్ని ఒక్కో ఎత్తుకు లాగి, ఇలా కడితే నిలుస్తుందా అని అడిగారని, అక్కడి నుంచే డిజైన్ మొదలైందని చెప్పుకుంటారు. సిగరెట్ల కంటే మనకు కట్టెల మోపు బాగా అర్థమవుతుంది. తొమ్మిది చతురస్రపు గొట్టాలను ఒక్కటిగా కట్టారు. ఒక్కోదాని వెడల్పు దాదాపు 23 మీటర్లు. రెండు 50వ అంతస్తులో ఆగిపోతాయి. ఇంకో రెండు 66లో. మూడు 90లో. చివరికి రెండే పైదాకా పోతాయి. 110 అంతస్తులు, 442 మీటర్లు. 1973లో పైకప్పు దాకా చేరింది. 1998లో మలేసియా కౌలాలంపూర్‌లో పెట్రోనాస్ టవర్లు వచ్చేదాకా ప్రపంచంలో అదే పెద్దది. ఇప్పుడు దాని పేరు విల్లిస్ టవర్. తెలంగాణ నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లు చూసి ఫోటోలు దిగే బుర్జ్ ఖలీఫాను డిజైన్ చేసింది కూడా ఈ ఎస్‌ఓఎం సంస్థే. 2010లో తెరుచుకున్న ఆ భవనానికి ఖాన్ పని చేయలేదు. అప్పటికి ఆయన పోయి ఇరవై ఎనిమిదేళ్లు. ఆయన పెంచిన ఆఫీసు పని చేసింది.

1971లో తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం వచ్చింది. తన ఊరు, తన వాళ్లు. అప్పటికి ఆయన అమెరికా పౌరుడు, చేతినిండా పని, సియర్స్ టవర్ సగంలో ఉంది. అయినా షికాగోలో ఉన్న బెంగాలీలను కూడగట్టి సహాయ నిధి కోసం సంస్థ పెట్టారు, వాషింగ్టన్‌లో ప్రజాప్రతినిధులను కలిసి అక్కడి పరిస్థితి చెప్పారు. ఇల్లు ఢాకాలో, కాలేజీ కలకత్తాలో, ఉద్యోగం కరాచీలో, బతుకు షికాగోలో. ఒక మనిషి జీవితంలో ఇన్ని సరిహద్దులు. సాయంత్రాలు ఇంట్లో రవీంద్రుడి పాటలు పాడుకునేవారు. బెంగాలీ ముస్లిం ఇళ్లలో అది మామూలే, మన దగ్గర కొందరికి వింతగా అనిపించవచ్చు.

1972 ఆయనకు కలిసొచ్చిన ఏడాది. నిర్మాణ రంగంలో పేరున్న ఇంజినీరింగ్ న్యూస్ రికార్డ్ పత్రిక ఆయన్ను ఆ ఏటి మేటి వ్యక్తిగా ఎన్నుకుంది. అదే ఏడాది ఇల్లినాయ్ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ తన పాత విద్యార్థిగా ఆయన్ను సత్కరించింది. ఇరవై ఏళ్ల కిందట స్కాలర్‌షిప్ పట్టుకుని, ఇంగ్లిష్ యాస తేడాతో ఆ చేల మధ్య క్యాంపస్‌లో దిగిన కుర్రాడు. ఇప్పుడు అదే చోట గౌరవ అతిథి. ఆయన విద్యార్థులకు పదే పదే చెప్పిన విషయం ఒకటుంది. లెక్కలో మునిగిపోయి బయటి బతుకును మరిచిపోవద్దని. సంగీతం వినమనేవారు, నాటకం చూడమనేవారు, భవనంలో ఉండబోయే మనుషుల గురించి ఆలోచించమనేవారు. ఇంజినీరింగ్ క్లాసులో నాటకాల మాట ఏంటని ఎవరికైనా అనిపించవచ్చు. మ్యూజియంలో మనుషులను పడుకోబెట్టి ఊపి చూసిన సంగతి గుర్తుంటే అనిపించదు.

తర్వాతి ఏడాది నార్త్‌వెస్టర్న్, 1980లో లీహై, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ఈటీహెచ్ యూనివర్సిటీలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. బిరుదుల జాబితా ఇంకా పెద్దదే, ఇక్కడితో ఆపుదాం.

ఇక జిద్దా.

వెనకటి రోజుల్లో హజ్‌కు ఎక్కువమంది ఓడల్లో వెళ్లేవారు. మన పెద్దలు రైలెక్కి బొంబాయి పోయి, అక్కడి నుంచి ఓడ ఎక్కేవారు. 1970లు వచ్చేసరికి విమానాలు పెరిగాయి. ఏడాదంతా అంతంతమాత్రంగా ఉండి, హజ్ నెలలో మాత్రం ఒక్కసారిగా లక్షలమంది దిగే విమానాశ్రయం కావాలి. ప్రపంచంలో ఇంకెక్కడా లేని అవసరం ఇది. ఇక్కడ ప్రయాణికులు దిగి వెంటనే టాక్సీ ఎక్కి పోయేవాళ్లు కాదు. పాస్‌పోర్టులు చూడాలి, బస్సులు రావాలి, గుంపులు విడిపోకుండా చూసుకోవాలి. ముసలివాళ్లు ఉంటారు, ఇహ్రాంలో ఉంటారు, వజూ చేసుకోవాలి, నమాజు చదవాలి, వండుకుని తినేవాళ్లూ ఉంటారు. ఒకేసారి 80 వేల మంది వరకు, తిరుగు ప్రయాణంలో అయితే ఒకటిన్నర రోజు దాకా వేచి ఉండేందుకు చోటు కావాలన్నది ఎస్‌ఓఎంకు ఇచ్చిన లెక్క.

అంత పెద్ద హాలు కట్టి ఏసీలు పెట్టాలంటే? ఏడాదికి కొన్ని వారాల కోసం? ఖర్చు ఎవరికైనా కళ్లు తిరిగేలా ఉంటుంది. ఆర్కిటెక్ట్ గోర్డన్ బన్‌షాఫ్ట్, ఇంజినీర్ ఫజ్లుర్ ఖాన్ గోడలు, ఏసీ రెండూ వదిలేశారు. అరబ్బు ఎడారిలో వేల ఏళ్లుగా ఉన్నదాన్నే తీసుకున్నారు. గుడారం. కాకపోతే బట్ట మారింది. గాజు పీచుతో నేసి, పైన టెఫ్లాన్ పూత పూసిన తెల్లటి వస్త్రం. ఎండలో ఎక్కువ భాగాన్ని అది వెనక్కి కొట్టేస్తుంది, కొంచెం వెలుతురు మాత్రం లోపలికి వదులుతుంది. పగలు లైట్లు అక్కర్లేదు. ఒక్కో గుడారం 45 మీటర్ల చతురస్రం. అలాంటివి 210. ఉక్కు స్తంభాల నుంచి తీగలతో వేలాడదీశారు. ప్రతి గుడారం మధ్యలో పైన రంధ్రం ఉంటుంది. వేడి గాలి తేలికై అందులోంచి పైకి పోతుంది, పక్కల నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. మన పాత పెంకుటిళ్ల పైకప్పులో గాలి కోసం వదిలే సందు చేసే పనే ఇది కూడా, కొలత మాత్రం వంద ఎకరాలు.

షికాగోలో గాలిని ఆపడానికి జీవితం పెట్టిన మనిషి ఇక్కడ గాలిని లోపలికి పిలిచాడు.

1981లో ఆ టెర్మినల్ వాడకంలోకి వచ్చింది. హైదరాబాద్ నుంచి వెళ్లే హజ్ యాత్రికుల్లో కొందరు మదీనాలో దిగుతారు, కొందరు జిద్దాలో. జిద్దా మీదుగా పోయే గుమ్మడిదల హాజీ సాబ్ అయినా, ఇండోనేసియా మత్స్యకారుడైనా, నైజీరియా వ్యాపారి అయినా కూర్చునేది ఆ గుడారాల కిందే. సియర్స్ టవర్ పైకి టికెట్ కొని ఎక్కుతారు. ఇక్కడ టికెట్ లేదు, పైకి చూసేవాళ్లూ తక్కువే.

1982 మార్చి 27న పని మీద వెళ్లిన ఫజ్లుర్ ఖాన్ జిద్దాలోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 52. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. మృతదేహాన్ని షికాగోకు తెచ్చి గ్రేస్‌ల్యాండ్ శ్మశానంలో ఖననం చేశారు. మీస్ వాన్ డెర్ రోహ్ సమాధి కూడా అక్కడే ఉంది. 2010లో బ్రూస్ గ్రాహం పోయినప్పుడు ఆయన్నూ అక్కడికే తెచ్చారు.

ఆ తర్వాత షికాగోలో సియర్స్ టవర్ పక్క వీధి మూలకు ఆయన పేరు పెట్టారు. బంగ్లాదేశ్ ఆయన బొమ్మతో పోస్టల్ స్టాంపు తెచ్చింది. 2009లో కైరోలో మాట్లాడిన అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా, తమ దేశంలోని అతి ఎత్తైన భవనం కట్టింది ముస్లింలేనని ప్రస్తావించారు. ఖాన్ పేరు చెప్పలేదు.

జిద్దా హజ్ టెర్మినల్‌కు 1983లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. ఖాన్ పోయి అప్పటికి ఏడాది దాటింది.